రాలిన ఆకుల లెక్క

ఫిబ్రవరి 2, ఆదివారం

అక్క ఫోన్ చేసింది. కుండీ మార్చావా అంది. లేదన్నాను. ఎప్పుడు మారుస్తావంది. చూస్తానులే అన్నాను. మా అక్క పుట్టుకతోనే టీచరు. నాకంటే నాలుగేళ్ళు పెద్దదైనందుకు నలభై ఆరేళ్ళుగా నా మీద పెత్తనం చేస్తోంది.

"నాన్న పోయినప్పుడు తీసుకెళ్ళావు. ఐదేళ్ళుగా అదే కుండీలో ఉంది. పాపం, దానికి ఊపిరాడొద్దా? నువ్వే మార్చు, ఎవరి చేతికీ ఇవ్వకు. అయ్యాక ఫోటో పెట్టు. ఎన్ని ఆకులు రాలాయో లెక్కపెట్టి చెప్పు."

లెక్కెందుకట! ఆకులకి కూడా హాజరు వేస్తుందేమో.

కిటికీ దగ్గరికెళ్ళి చూశాను. జడల మొక్క అని పేరు పెట్టింది నాన్న. తొమ్మిది జడలు, ఒక్కోటి మూరెడు. నీళ్ళు తాగి ఉబ్బిన ఆకులు, బూడిద కలిసిన పచ్చరంగు. గట్టిగా ఊదితే రాలిపోతాయి. అలాంటిదాన్ని కుండీలోంచి తియ్యాలంటే ఎంత నిలకడైన చెయ్యి కావాలో అక్కకేం తెలుసు?

తర్వాత చూద్దాం. ఇంకా చలి పోలేదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

కుండీ అడుగు చిల్లులోంచి ఒక వేరు బయటికొచ్చింది. చూశాను. చూడనట్టు వదిలేశాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

కట్టుడు పళ్ళు చేసే మా ల్యాబుకి మళ్ళీ ఒక పన్ను వెనక్కొచ్చింది. కింది దవడ, కుడివైపు. అంచు దగ్గర సందు ఉందని పళ్ళ డాక్టరు చీటీ రాసి పంపించాడు. ఇరవై రెండేళ్ళుగా మైనంతో పళ్ళు చెక్కుతున్నాను. నా చేతిలోంచి వెళ్ళిన పన్ను ఏడాదికి ఒకటి వెనక్కొస్తే గొప్ప. ఈ నెలలో ఇది మూడోది. నెల మొదలై వారమే అయింది.

ల్యాబు ఓనరు పెద్దాయన చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఏంటమ్మా, ఇది నీ పనేనా?"

"మైనం బాగాలేదండీ. కొత్త డబ్బా మరీ మెత్తగా ఉంది."

"అవునా? అయితే పాత కంపెనీదే తెప్పిస్తానుండు."

ఇంకో ప్రశ్న వెయ్యలేదు. అంత నమ్మకంగా తలూపి వెళ్ళిపోతే నాకే సిగ్గేసింది.

మైనం నిజంగానే మెత్తగా ఉంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

వీధి మలుపులో ఉన్న నర్సరీకి వెళ్ళాను. అక్కడి ఆవిడ మాట కరుకు, చెయ్యి మంచిది.

"నీళ్ళు పోస్తే నిలవకుండా అడుగునుంచి కారిపోతున్నాయా?" అంది.

"అవును."

"వేర్లు బయటికొచ్చాయా?"

"ఒకటే."

"నీళ్ళు పోసినా కింది ఆకులు ముడతలు పడుతున్నాయా?"

"కొన్ని."

"కుండీ మార్చమని మొక్కే మూడుసార్లు చెప్పింది కదమ్మా. ఇంక నన్నడగడమెందుకు?"

చలి తగ్గాక, ఎండలు ముదరకముందు మార్చాలట. అంటే ఇప్పుడే. ముందు వారం రోజులు మట్టి ఎండనివ్వాలి. కొత్త కుండీ పాతదానికంటే రెండు వేళ్ళు వెడల్పుంటే చాలు, పెద్దదైతే మట్టి తేమ పట్టుకుని వేర్లు కుళ్ళుతాయి. సగం మట్టి, సగం గరుకు ఇసుక. ప్యూమిస్ అనే తేలికరాయి దొరికితే మరీ మంచిదట, ఆవిడ దగ్గర అయిపోయింది. మార్చాక వారం దాకా నీళ్ళు చూపించకూడదు.

మట్టి కుండీ ఒకటి కొని తెచ్చి వంటింటి గుమ్మం పక్కన పెట్టాను. కొన్నాను కాబట్టి సగం పని అయినట్టే.

సాయంత్రం అక్క ఫోను. చలి పోలేదన్నాను.

"నీ వెనకాల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోందే" అంది.

ఈ మధ్య అక్క మెసేజులు రాయడం మానేసింది. ఎంత చిన్న మాటయినా వాయిసే. వయసుతో పాటు బద్ధకం కూడా పెరిగినట్టుంది.

ఫిబ్రవరి 12, బుధవారం

ఈ పెన్ను బాగాలేదు. పేజీ మొదట్లో అక్షరాలు సరిగ్గానే వస్తున్నాయి. కిందికొచ్చేసరికి చీమల్లా అవుతున్నాయి. రేపు లావుగా రాసేది కొనాలి.

ఫిబ్రవరి 13, గురువారం

కొన్నాను. ఇదీ బాగాలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని తాగుతుంటే ఆయన చూశారు. "చలేస్తోందా?" అన్నారు. అవునన్నాను. మా ఆయన స్కూలు వ్యాను నడుపుతారు. ముప్ఫై మంది పిల్లల్లో ఎవరి ముఖం వాడిందో అద్దంలో చూసి చెప్పేస్తారు. ఇంట్లో అద్దం లేదు కాబట్టి నేను బతికిపోయాను.

కాసేపటికి బయటికెళ్ళి ఐరన్ టానిక్ తెచ్చారు. "రక్తం తక్కువైతే చలేస్తుందట, రోజూ రెండు చెంచాలు" అన్నారు. చెంచాలో ఆయనే పోసిచ్చారు, అదృష్టం. నేను పోసుకుంటే బట్టలకి పట్టేది.

నాకు నడుం పట్టేసిందని అక్కకి చెప్పాను. కుండీ సంగతి వచ్చే వారం.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఇవాళ ల్యాబుకి సెలవు. ఊరికే కూర్చుంటే నాన్న గుర్తొచ్చాడు.

నాన్న కాంపౌండరు. మా వీధిలో ఆయన సూది దిగని చెయ్యి లేదు. చిన్నపిల్లలు కూడా ఏడవకుండా చెయ్యి చాపేవాళ్ళు, గుచ్చినట్టు తెలియదని. నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి జనం చేతులు చాపడం మానేశారు. "పర్లేదు కాంపౌండరు గారూ, మాత్రలు చాలు" అనేవాళ్ళు. "ఇవాళ తొందరలో ఉన్నానండీ, రేపొస్తా" అనేవాళ్ళు. అందరూ మర్యాదస్తులే. ఒక్కరు కూడా మీ చెయ్యి వణుకుతోంది అనలేదు. అందరికీ తెలుసు, తన సంగతి ఎవరికీ తెలియదని నాన్న ఒక్కడే అనుకున్నాడు.

నాన్న సూదుల్ని తిట్టేవాడు. నాసిరకం సూదులు పంపుతున్నారు వెధవలు, అనేవాడు.

ఊరికే కూర్చున్నప్పుడు ఆయన బొటనవేలు, చూపుడువేలు వాటంతటవే ఒకదాన్నొకటి రుద్దుకునేవి. చేతిలో మాత్ర ఉన్నట్టు. కాంపౌండరు గారు ఇంటికొచ్చినా మాత్రలు లెక్కపెడుతూనే ఉన్నారు అని పక్కింటివాళ్ళు నవ్వేవాళ్ళు. మేమూ నవ్వేవాళ్ళం. బ్యాంకులో సంతకం చిన్నదైపోయి కలవట్లేదన్నప్పుడు మాత్రం ఎవరం నవ్వలేదు.

ఆస్పత్రి కిటికీలో ఈ మొక్క ఉండేది. నాన్న చెయ్యి వేసిన ప్రతిసారీ ఆకులు రాలేవి. ఒక్కోటీ ఏరి మట్టి మీద పరిచేవాడు. నాలుగు వారాల్లో వాటికి వేర్లొచ్చేవి. ఒక్క జడ తొమ్మిది జడలైంది అలాగే.

మైనం మెత్తగా ఉంది. నేను అబద్ధం చెప్పలేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

మధ్యాహ్నం భోజనాలయ్యాక ల్యాబు మెట్ల మీద కూర్చున్నాం, నేనూ పాలిష్ బాబాయీ. కట్టుడు పళ్ళకి మెరుగు పెట్టే పని ఆయనది. రేపో మాపో రిటైరవుతాడు. ల్యాబులో అందరికీ బాబాయే.

"ఏం ఉండ చుడుతున్నావమ్మాయ్?" అన్నాడు.

"ఎక్కడ?"

"నీ చేతిలో. మైనం లేదుగా?"

చూసుకున్నాను. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు.

చెయ్యి చున్నీ కిందికి లాక్కున్నాను. ఏదో అలవాటు బాబాయ్, అని నవ్వాను. ఆయనా నవ్వాడు. మెట్ల మీద నుంచి లేవడానికి గోడ పట్టుకోవాల్సొచ్చింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

నాన్న జబ్బు నాకు వచ్చింది.

రాసేశాను. రాస్తే ఏదో అవుతుందని ఇన్నాళ్ళూ రాయలేదు. ఏమీ అవలేదు. బయట ఎవరో బండి కడుగుతున్నారు.

వచ్చిందేమో అని రాయాలి. డాక్టరు చూడలేదు కదా. డాక్టరు చూడకుండా ఏదీ వచ్చినట్టు కాదు. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్ళను.

భయంగా ఉంది. ల్యాబులో తెలిస్తే ఏం చేస్తారో నాకు తెలుసు. ఏమీ అనరు. మర్యాదగా ముందుపళ్ళు ఇంకొకరికిస్తారు, నాకు పోతపోసే పని ఇస్తారు, ఆ తర్వాత డబ్బాలకి పేర్లు అంటించే పని. అక్షరాలు చిన్నవైతే అదీ తీసేస్తారు.

అక్కకి తెలిస్తే చచ్చిపోతుంది. నాన్న ఆఖరి మూడేళ్ళు స్నానం చేయించింది, అన్నం కలిపి పెట్టింది అక్కే. మళ్ళీ నాకా?

ఫోను మోగింది. ఎత్తలేదు.

మార్చి 2, ఆదివారం

అక్క రెండు వాయిసులు పంపింది. "ఫోనెందుకు ఎత్తవు? కుండీ మార్చావా?" రెండోదాంట్లో ఆ మాట లేదు, ఊరికే "ఏమే" అని, అంతే.

సరే, ఇవాళ మార్చేద్దాం అనుకున్నాను. ఆయన క్రికెట్ చూడ్డానికి స్నేహితుడింటికి వెళ్ళారు. నేల మీద పేపర్లు పరిచాను. కొత్త కుండీ అడుగు చిల్లు మీద పెంకు ముక్క పెట్టాను. పాత కుండీని ఎడమచేత్తో పట్టుకుని జడల్ని తప్పించి కుడిచెయ్యి మొదట్లోకి పోనిచ్చాను.

టప టప మని రాలాయి. ఒక్క జడ సగం బోడిదైపోయింది. చెయ్యి వెనక్కి లాక్కునేలోపు ఇంకో జడ.

ఆకుల్ని పేపరుతో సహా చుట్టి చెత్తబుట్ట అడుగున పెట్టాను, పైన ఉల్లిపాయ పొట్టు వేశాను. ఇంట్లో ఎవరూ లేరు. ఎవరి నుంచి దాస్తున్నానో!

మార్చి 5, బుధవారం

పాలిష్ బాబాయిని అడిగాను. నడుం నొప్పి, వంగలేకపోతున్నాను, కాస్త కుండీ మార్చి పెడతావా అని.

"నడుం నొప్పా?" అని నా చేతి వైపు చూశాడు. తర్వాత నా ముఖం వైపు. "సరే అమ్మాయ్. శనివారం వస్తా."

ప్యూమిస్ రాయి ఎక్కడా దొరకట్లేదన్నాను. ఆయన పడీపడీ నవ్వాడు. "ముప్ఫై ఏళ్ళుగా నేను కట్టుడు పళ్ళు దేనితో తోముతున్నాననుకున్నావ్? బస్తా ఉంది నా దగ్గర!" నిజమే. రోజూ కళ్ళముందున్నదే. నాకు తట్టనందుకు ఇద్దరం మళ్ళీ నవ్వుకున్నాం.

మార్చి 8, శనివారం

బాబాయి పాలిష్ గుడ్డలు తెచ్చాడు. ఒక్కో జడకీ గుడ్డ చుట్టి దారంతో వదులుగా కట్టాడు. పాత కుండీని పక్కకి పడుకోబెట్టి అరచేత్తో చుట్టూ తట్టాడు. మట్టి ముద్ద మొత్తం జారి ఆయన చేతిలోకొచ్చింది. వేర్లు కుండీ ఆకారంలోనే చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. కింది వేర్లు వేళ్ళతో విప్పి, ఎండిపోయినవి తుంచేశాడు. ల్యాబునుంచి తెచ్చిన తెల్లటి పొడి, మట్టి సగం సగం కలిపి చుట్టూ నింపాడు. గుడ్డలు విప్పాడు.

మూడు ఆకులు. మూడే.

అరవై దాటిన మనిషి. ఆయన చేతుల్ని చూస్తుంటే నాకు అసూయ పుట్టింది. అసూయ అని ఒప్పుకుంటున్నాను, ఇక్కడ కాకపోతే ఎక్కడ ఒప్పుకుంటాను?

ఆయన వెళ్ళాక ఫోటో తీశాను. ఫోను గోడకి ఆనించి తీస్తే గానీ మసకగా రాకుండా కుదరలేదు. అక్కకి పంపాను. "నేనే మార్చాను. మూడు ఆకులు రాలాయి."

అక్క చూసింది.

మార్చి 9, ఆదివారం

పొద్దున్నే అక్క ఫోను. ఎత్తగానే ఏడుపు. మధ్యలో నవ్వు. ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు, బావగారికేమైనా అయిందేమోనని హడలిపోయాను.

"మూడేనా?" అంది. "నిజంగా మూడేనా? నువ్వే మార్చావా?"

"నేనే. ఏమైంది అక్కా?"

"ఏం కాలేదు. ఇంక చెప్పొచ్చు నీకు. నాకు వచ్చిందే."

"ఏంటి వచ్చింది?"

"నాన్నది."

ఫోను ఎడమచేతిలోకి మార్చుకున్నాను.

జనవరిలో డాక్టరు చెప్పాడట. ఎడమచెయ్యి. బోర్డు మీద రాస్తుంటే పిల్లలు కనిపించట్లేదు టీచర్ అంటున్నారట, అక్షరాలు అంత చిన్నవయ్యాయి. అక్కది ఎడమచేతి వాటం. తోబుట్టువులున్నారా, వాళ్ళనీ ఓసారి చూపించండి అన్నాడట డాక్టరు.

"నిన్నడిగితే నిజం చెప్తావా? చిన్నప్పుడు చెయ్యి విరిగినా మూడు రోజులు దాచిన మొద్దువి. వీడియో కాల్ చేస్తే నువ్వు కనిపెట్టేస్తావు నా సంగతి. అందుకే ఆ మొక్క పెట్టాను పరీక్ష. చెయ్యి వణికే మనిషి దాన్ని కుండీ మార్చలేదు. నెల పైగా నువ్వు సాకులు చెప్తుంటే నా ప్రాణం పోయిందనుకో. నాకొస్తే వచ్చింది. నీకు రాలేదు. నాకది చాలే. రాత్రి ఎన్నాళ్ళకో నిద్రపోయాను."

నేనేమన్నానో రాయాలి. "జాగ్రత్తగా ఉండక్కా" అన్నాను.

నోరు తెరిచాను. ఒట్టు, తెరిచాను. అవతల అక్క ముక్కు చీదుకుని నవ్వుతోంది. ఆ నవ్వు విని మళ్ళీ మూసేశాను.

మార్చి 10, సోమవారం

మూడు ఆకులు.

మార్చి 13, గురువారం

అక్క వాయిసు. ఏప్రిల్ పదిన పెద్దాస్పత్రిలో చూపించుకోవాలట. బావగారికి సెలవు దొరకదట. "నువ్వు తోడొస్తావా? లోపల అటూ ఇటూ నడిపిస్తారు, వేళ్ళు ఆడించమంటారు. ఒక్కదాన్నే ఉంటే ఏడుపొస్తోంది. నువ్వు పక్కనుంటే ధైర్యం."

వస్తానని వాయిసు పంపాను. టైపు చెయ్యలేదు. అక్క ఎందుకు వాయిసులు పంపేదో ఇప్పుడు తెలిసింది. బద్ధకం అని రాశాను. పైన ఉంది, కొట్టెయ్యను.

మార్చి 15, శనివారం

వారమైంది కదా అని మొక్కకి నీళ్ళు పోశాను.

మార్చి 17, సోమవారం

ఇంకో పన్ను వెనక్కొచ్చింది. పెద్దాయన ఈసారి చీటీ నా బల్ల మీద పెట్టలేదు. పక్క బల్ల మీద పెట్టాడు.

మార్చి 19, బుధవారం

మట్టి ఇంకా తడిగానే ఉంది. నాలుగు రోజులు. పైన వేలు పెడితే మా ల్యాబులో అచ్చులు పోసే ముద్దలా అంటుకుంటోంది. కింది ఆకులు గాజులా పారదర్శకంగా అయ్యాయి. ముట్టుకుంటే చిట్లి నీరు కారింది.

గుప్పెడు మట్టి కాగితంలో వేసి నర్సరీకి పట్టుకెళ్ళాను. ఆవిడ వేళ్ళతో నలిపి వాసన చూసింది.

"ఏం కలిపావమ్మా ఇందులో?"

"ప్యూమిసే. మీరే చెప్పారుగా?"

"నేను రాయి చెప్పాను. శనగగింజంత ముక్కలు. మధ్యలో గాలాడాలని. ఇది పౌడరు! పళ్ళు తోముకోవడానికా?"

"అవును" అన్నాను.

నేను వేళాకోళమాడుతున్నానని ఆవిడకి కోపమొచ్చింది. మా ల్యాబులో పొడి రూపంలో తప్ప దాన్ని ఎన్నడూ చూడని మనుషులం ఇద్దరం కలిసి మొక్కకి సిమెంటు చేసిపెట్టాం. మళ్ళీ తియ్యాలట. వేర్లకి అంటుకున్నదంతా దులపాలి, నల్లబడిన వేర్లన్నీ కొయ్యాలి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి గరుకు ఇసుకలో పెట్టాలి. ఆలస్యం చేస్తే మొదలు కుళ్ళుతుంది, అప్పుడింక ఏ కుండీ పనికిరాదు.

"వెంటనే తియ్యి. ఎన్ని ఆకులు రాలినా సరే. ఆకులు చూసుకుంటే మొక్క పోతుంది" అంది.

మార్చి 20, గురువారం

బాబాయి తల పట్టుకున్నాడు. "నా బుద్ధి గడ్డి తిన్నదమ్మాయ్. ఆదివారం వచ్చి నేనే మారుస్తా."

వద్దన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

తెలుసు. నా చేతిలో ఎన్ని రాలతాయో నేను చూడాలి. ఇన్నాళ్ళూ చూడకుండా తప్పించుకున్నది అదే కదా.

మార్చి 21, శుక్రవారం

ల్యాబుకి సెలవు పెట్టాను. ఆయన స్కూలు వ్యాను ట్రిప్పుకి వెళ్ళగానే తలుపు దగ్గరగా వేశాను. ఆదివారం దాకా ఆగితే మళ్ళీ ఏదో ఒక సాకు దొరుకుతుంది, నా సంగతి నాకు తెలుసు.

గుడ్డలు చుట్టడానికే ముప్పావు గంట పట్టింది. ముడి పడదు. దారం నోటితో పట్టుకుని ఎడమచేత్తో వేశాను. వేసేలోపే రాలుతున్నాయి. మట్టి తడిగా ఉండి కుండీని వదల్లేదు, కత్తి పెట్టి చుట్టూ తిప్పాల్సొచ్చింది. కత్తి చేతిలో గజగజలాడుతుంటే కుండీకి తగిలి టకటకమని చప్పుడు. నా చెయ్యి చేసే చప్పుడు నేను వినడం అదే మొదటిసారి. భయం వేసి పాట పాడాను. మాటలు గుర్తురాక ఊరికే ఊఁ ఊఁ అని.

నల్లవేర్లు కోశాను. మూడు వంతుల్లో ఒక వంతు పోయాయి. మిగతావి తెల్లగా ఉన్నాయి.

ఆకులు లెక్కపెట్టాను. చిట్లినవి కాక నూట అరవై నాలుగు.

అక్క పెట్టిన పరీక్షలో నాకొచ్చిన మార్కులు అవి.

ఆ ఆకుల మధ్యే కూర్చున్నాను. ఏడవడం కూడా అయిపోయాక ఆయన వచ్చారు. "ఎలక దూరిందా?" అన్నారు.

"అవును" అన్నాను.

ఆయన చీపురు తేకుండా నా పక్కన కూర్చుని ఆకులు ఏరడం మొదలుపెట్టారు.

మార్చి 23, ఆదివారం

వేర్లు ఆరాయి. గరుకు ఇసుకలో పెట్టాను. ఇంకో ముప్ఫై రాలాయి. ఆయన కుండీ పట్టుకున్నారు. నేను నా చెయ్యి ఈసారి చున్నీ కింద పెట్టుకోలేదు.

అక్క ఫోను. గొంతులో హుషారు. కొత్త మందులు పడ్డాయట, బోర్డు మీద అక్షరాలు కాస్త పెరిగాయట. మందులతో పెరుగుతాయా? ఈ మాట ఎవరూ నాకు చెప్పలేదు. నాన్నకి అసలు మందులే ఇప్పించలేదు కదా, ఆయన ఎవరికీ చెప్పలేదు కాబట్టి. చెప్పేసరికి ఆలస్యమైపోయింది.

"మొక్కెలా ఉంది?" అంది.

"బాగుంది."

ఏప్రిల్ 2, బుధవారం

ఫోన్లో చెప్పెయ్యాలి. నంబరు నొక్కాను. కట్ చేశాను. ఇప్పుడు చెప్తే నేనొక్కదాన్నే కాదు, అక్క కూడా మళ్ళీ మొదటికొస్తుంది. ఎన్నాళ్ళకో నిద్రపోయానంది. ఆ నిద్ర చెడగొట్టడానికి నేనెవర్ని?

చెప్పకపోతే?

ఏప్రిల్ 6, ఆదివారం

చెప్పలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

రేపు. బ్యాగు సర్దాను. ఆయన ఊరికే నిలబడి చూస్తున్నారు. "నేనూ రానా?" అన్నారు. వ్యాను ఎవరు తోలతారన్నాను.

ఆస్పత్రి కాబట్టి భయం అని రాయబోయాను. ఆస్పత్రి కాదు. అక్క ముఖం.

ఏప్రిల్ 10, గురువారం

అక్క ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. సాయంత్రం.

పొద్దున ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాం. అక్క నా చెయ్యి పట్టుకుంది. ఎడమచెయ్యి ఇచ్చాను, కుడిచెయ్యి బ్యాగు కింద పెట్టుకున్నాను. అక్క చెయ్యి నా చేతిలో సన్నగా అదురుతోంది. "ఏం కాదు. నేనున్నాగా" అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో! ఆమె నా భుజం మీద తల వాల్చింది. నలభై ఆరేళ్ళలో మొదటిసారి నేను పెద్దదాన్ని అయినట్టు అనిపించింది. ఆ సుఖం కోసం ఇంకో పదేళ్ళు దాచగలనేమో అనిపించింది. అదే నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసిన క్షణం.

ఎదురుగా ఒక ముసలాయన్ని కొడుకు నడిపిస్తున్నాడు. గుమ్మం దగ్గర ఆయన కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. కొడుకు ఒకటి, రెండు, ఒకటి, రెండు అంటున్నాడు. అక్క ముఖం తిప్పుకుంది. నేను కళ్ళు తిప్పలేకపోయాను.

నర్సు తలుపు తీసి పేరు పిలిచింది. ఇద్దరం లేచాం. ఇద్దరి ముఖాలూ ఒకటే పోలిక. ఆమె ఒకసారి అటూ ఒకసారి ఇటూ చూసింది.

"మీ ఇద్దరిలో పేషెంటు ఎవరు?"

అక్క నోరు తెరుస్తోంది.

"ఇద్దరం" అన్నాను.

బ్యాగు పక్కన పెట్టి కుడిచెయ్యి ముందుకు చాపాను. ఆపడానికి ప్రయత్నించలేదు. దాని పని అది చేసుకుంటోంది.

అక్క ఆ చేతిని చూసింది. తర్వాత నా వీపు మీద ఒక్కటిచ్చింది, గట్టిగా. "మూడు ఆకులట! దొంగమొహమా, మూడు ఆకులట!" వరండాలో అందరూ తలలు తిప్పారు. అక్క ఏడుస్తూ మళ్ళీ కొట్టబోయింది. ఈసారి నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. రెండూ అదురుతుంటే ఏది ఎవరిదో తెలియలేదు.

నర్సుకి ఇవన్నీ అలవాటే అనుకుంటాను. "రెండో ఆవిడకి చీటీ ఉందా?" అంది.

"లేదండీ."

"అయితే కిందికెళ్ళి రాయించుకోండి. చీటీ లేకపోతే డాక్టరు చూడరు."

కింద పెద్ద వరస. భయం ఏమీ తగ్గలేదు. అందరికంటే చివర నిలబడ్డాను. రెండు నిమిషాల తర్వాత నా వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. అక్క. ఆమె చీటీ ఆమె చేతిలోనే ఉంది.

"నిన్ను లోపలికి పిలిచారు కదా, వెళ్ళకపోయావా?" అన్నాను.

"నువ్వు ముందు నడువు" అంది.